అడగందే అమ్మైనా పెట్టదు, సరే. రోజుకి ఎన్నిసార్లు అడగాలి?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, చదివే మిగతావాళ్ళకీ తెలియాలి కదా. మీ ఆఫీసులో అరవై మంది పనిచేస్తారు. ఎనిమిది నెలల కిందట వీల్‌చెయిర్ వాడే ఒకావిడ అకౌంట్స్‌లో చేరారు. ఆమె కోసం భవనం వెనకవైపు ర్యాంపు కట్టించారు, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక టాయిలెట్ మార్పించారు, సీటు కూడా కిందే ఇచ్చారు. ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అయినా పోయినవారం రాజీనామా ఇచ్చేశారు. మీ మేనేజర్ కారణం అడిగితే "అందరూ మంచివాళ్ళే సార్, నేనే అలిసిపోయాను" అన్నారట. ఇంకా ఏం చేయాల్సిందని మీరు అడుగుతున్నారు.

ఆ వాక్యం చదవగానే నాకు నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళ కిందట నా మొదటి ఉద్యోగం మానేసేటప్పుడు నేను చెప్పిందీ దాదాపు అదే. నాకు రెండేళ్ళ వయసులో పోలియో వచ్చింది. చిన్నప్పుడు కాళ్ళకి క్యాలిపర్లు (ఊతమిచ్చే పట్టీలు), ఇప్పుడు వీల్‌చెయిర్. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులు, కాలేజీలు, ఆస్పత్రులు తిరిగి, వికలాంగులు అక్కడ ఇబ్బంది లేకుండా మసలగలరా లేదా అని చూసి చెప్పడమే నా పని. టేపు పెట్టి గుమ్మాలు కొలుస్తాను, తర్వాత అక్కడి మనుషులతో మాట్లాడతాను. ఎక్కువ టైం రెండోదానికే పడుతుంది.

"అలిసిపోయాను" అన్న మాటను మీరు మర్యాదకి చెప్పిన సాకు అనుకున్నట్టున్నారు. కాదు, అది అక్షరాలా నిజం. దేనితో అలిసిపోయారన్నదే చూడాలి. అకౌంట్స్ పనితో మాత్రం అయ్యుండదు.

నా మొదటి ఉద్యోగంలో ఒకరోజు ఊరికే లెక్కపెట్టాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరినో ఒకరిని ఏదో ఒకటి ఎన్నిసార్లు అడగాల్సి వస్తోందో. వెనక గేటు తాళం తీయమని వాచ్‌మన్‌ని. ర్యాంపుకి అడ్డంగా పెట్టిన బైకు ఎవరిదో కనుక్కుని తీయించమని. తలుపు బరువుగా ఉంది, కాస్త పట్టుకోమని. పై అరలో ఫైలు అందించమని. టాయిలెట్‌లో దాచిన బకెట్లు, చీపుళ్ళు బయట పెట్టమని. మీటింగ్ పై అంతస్తులో జరిగింది, ఏం మాట్లాడుకున్నారో చెప్పమని. సాయంత్రానికి పద్నాలుగయ్యాయి. ఒక్కటీ పెద్ద సాయం కాదు, ఏదీ అరనిమిషం మించదు, ఎవరూ విసుక్కోలేదు కూడా. కానీ పద్నాలుగుసార్లు "ఏమనుకోకండి, కాస్త..." అని మొదలుపెట్టాను, పద్నాలుగుసార్లు "థాంక్సండీ" అన్నాను. ప్రతిసారీ ఎదుటి మనిషి మూడ్ ఎలా ఉందో, నిన్న కూడా ఈయన్నే అడిగానేమో అని చూసుకుని మరీ అడిగాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే. కానీ అమ్మని అడగడానికి ఎవరూ ముహూర్తం చూసుకోరు. ఆఫీసులో చూసుకోవాలి. టాయిలెట్ కోసం అడగాల్సి వస్తుందని మంచినీళ్ళు తాగడం తగ్గించేవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు. ఆడవాళ్ళలో మరీ ఎక్కువ. ఆ తర్వాత వచ్చే యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి సెలవు పెడితే, "పాపం, ఆరోగ్యం అంతంతమాత్రం" అని ఆఫీసు జాలిపడుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది, బయటివాళ్ళకి తట్టదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళతో గొడవ పెట్టుకోలేం. మిగతా ఉద్యోగులకి ఒకరోజు చిరాగ్గా ఉండొచ్చు, పక్కసీటాయనతో మాటామాటా అనుకోవచ్చు, వారం రోజులు మొహం చూడకుండా ఉండొచ్చు. నాకు ఆ వెసులుబాటు లేదు. రేపు పొద్దున తలుపు పట్టుకోవాల్సింది ఆయనే. అందుకని వికలాంగులైన ఉద్యోగులు "ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు", చాలా "ఓర్పుగలవాళ్ళు". నేనొక ఆఫీసుకి వెళ్ళినప్పుడు, ఇక్కడి వికలాంగులైన ఉద్యోగి ఎవరితోనైనా ఎప్పుడైనా పోట్లాడారా అని కనుక్కుంటాను. పోట్లాడారని తెలిస్తే సగం నిశ్చింత.

వైకల్యం మనిషి ఒంట్లో ఉంటుందా, మెట్లలో ఉంటుందా అన్న చర్చ పాతదే. 1976లో బ్రిటన్‌లో వికలాంగులే నడుపుకున్న ఒక సంఘం ఈ రెంటినీ విడదీసి రాసింది. కాలు పనిచేయకపోవడం శరీరానికి సంబంధించిన సంగతి, ఆ కారణంగా మనిషిని నలుగురిలోంచి పక్కన పెట్టడం సమాజం చేసే పని. 1983లో అక్కడి సామాజికశాస్త్రవేత్త మైక్ ఆలివర్ ఈ ఆలోచనకే సామాజిక నమూనా అని పేరు పెట్టారు. ఆ సంఘం స్థాపకుల్లో ఒకరు, తనూ వీల్‌చెయిర్ వాడిన విక్ ఫింకెల్‌స్టైన్ దీన్నొక ఊహాకథగా చెప్పారు. ఒక ఊళ్ళో అందరూ వీల్‌చెయిర్ వాడేవాళ్ళే. ఎవరూ నిలబడరు కాబట్టి గుమ్మాలు, ఇంటికప్పులు కిందికి దించి కట్టుకున్నారు. ఆ ఊరికి నడిచే మనుషులు కొందరు కాపురానికి వచ్చారు. ఎక్కడికెళ్ళినా గుమ్మానికి నుదురు కొట్టుకుంటోంది, వంగి తిరిగి తిరిగి నడుం పట్టేస్తోంది. ఊరి డాక్టర్లు పరీక్షించి, సమస్య వీళ్ళ ఎత్తేనని తేల్చి, తలకి హెల్మెట్లు, నడుం వంచి ఉంచే పట్టీలు రాసిచ్చారు. ఉద్యోగాలు ఎవరూ ఇవ్వలేదు. చివరికి ఈ అభాగ్యుల సహాయార్థం చందాలు వసూలుచేసే సంఘాలు కూడా పుట్టాయి. గుమ్మం ఎత్తు పెంచితే సరిపోదా అన్న ఆలోచన ఆ నుదుళ్ళు బొప్పికట్టినవాళ్ళకే వచ్చింది, డాక్టర్లకి కాదు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. అంతా బయటే ఉందని నేననను. ఇన్నేళ్ళు చక్రాలు తోసీ తోసీ రాత్రిళ్ళు నా భుజాలు సలుపుతాయి. ఏ ర్యాంపూ ఆ నొప్పిని తీసేయలేదు. కానీ ఆ నొప్పితో నేను ఉద్యోగం చేయగలిగాను. పద్నాలుగు బతిమాలుళ్ళతోనే చేయలేకపోయాను.

సరే, మీ భవనం సంగతి. ర్యాంపు వెనకవైపు ఎందుకు కట్టారు? ముందువైపు చోటు లేదనో, అందం పోతుందనో అనుకునుంటారు. వాలుకి మామూలుగా పాటించే లెక్క ఒకటికి పన్నెండు. పదిహేను సెంటీమీటర్ల మెట్లు మూడుంటే ఎత్తు 45 సెంటీమీటర్లు, ర్యాంపు పొడవు 5.4 మీటర్లు కావాలి. చాలామంది ఆ పొడవు చూసి భయపడి సగానికి తగ్గిస్తారు. అప్పుడది ర్యాంపు కాదు, జారుడుబల్ల. గుమ్మం తెరుచుకున్నాక కనీసం 81 సెంటీమీటర్ల దారి, లోపల చక్రాల కుర్చీ తిప్పుకోవడానికి మీటరున్నర జాగా ఉన్నాయో లేదో కొలవండి. ఇవి ఏ ఇంజనీరైనా చూసి చెప్పగలిగేవే, వీటి మీద ఎక్కువ రాయను.

ర్యాంపు వెనకవైపు ఉంటే ఏమవుతుందో మాత్రం చెప్పాలి. ఆ దారిన ఆమె తప్ప ఇంకెవరూ రారు. ఎవరూ రాని దారికి తాళం పడుతుంది, చెత్తడబ్బాలు చేరతాయి, బైకులు ఆగుతాయి. అదే ముందువైపు ఉండుంటే? కొరియర్ అబ్బాయి తోపుడుబండి, సూట్‌కేసు చక్రాలు, మోకాళ్ళనొప్పుల పెద్దాయన, నిండు గర్భిణి, అందరూ దాని మీదుగానే వస్తారు. అందరూ వాడే ర్యాంపుకి ఎవరూ తాళం వేయరు. అమెరికాలో కాలమజూ అనే ఊళ్ళో 1945లోనే, యుద్ధంలో గాయపడి వచ్చినవాళ్ళ కోసం ఫుట్‌పాత్ అంచుల్ని వాలుగా చెక్కించారు. ఇప్పుడు ఊరూరా ఆ వాలు మీద ఎక్కువగా కనిపించేది పసిపిల్లల తోపుడుబండ్లు.

ఇక మనుషుల సంగతి. మీరు అడగకపోయినా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. మీ ప్రశ్నలో మేనేజర్ గురించి "అన్నారు", "చెప్పారు" అని రాశారు. ఆమె గురించి "ఆ అమ్మాయి", "చేరింది", "మానేస్తానంది" అని రాశారు. అకౌంట్స్‌లో ఆమెతో సమానంగా ఉన్న మిగతావాళ్ళ గురించి ఎలా రాస్తారు? ఒకచోట ఒక పేరుకి "గారు" తగిలించి మరీ రాశారు. ఆమెకి పేరు పక్కన కాదుగదా, క్రియాపదంలో కూడా ఆ మర్యాద దక్కలేదు. మీరు కావాలని చేయలేదు, నాకు తెలుసు. ఇంగ్లీషువాళ్ళకి ఇది బయటపడదు, వాళ్ళకి అందరికీ ఒకే క్రియ. మన భాషలో మాత్రం మనం ఎవరిని పెద్దమనిషిగా చూస్తున్నామో, ఎవరిని చంటిపిల్లలా చూస్తున్నామో ప్రతి వాక్యం చివరా బయటపడిపోతుంది. నాకు యాభైకి దగ్గరపడుతోంది. ఇప్పటికీ మొదటిసారి కలిసినవాళ్ళు నన్ను "నువ్వు" అంటారు, నా కుర్చీ తోసే కుర్రాణ్ణి "మీరు" అంటారు. ఇంకొందరు అసలు నాతో మాట్లాడరు. "ఈయనకి కాఫీ ఇష్టమేనా?" అని పక్కనున్నవాళ్ళని అడుగుతారు.

ఇవాళే మొదలుపెట్టదగిన మార్పు ఇదొక్కటే, పైసా ఖర్చు లేదు.

తర్వాతిది "మీకెందుకు శ్రమ". ఈ మాట ఆ ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు వినుంటారో. బ్రాంచి ఆడిట్‌కి వెళ్ళాలి, "మీకెందుకు శ్రమ, ఇంకొకర్ని పంపుతాం." క్లయింట్ మీటింగ్, "పై అంతస్తులో ఉంది, మీకెందుకు శ్రమ." ఆఫీసంతా ఎక్కడికో సరదాగా వెళ్తున్నారు, "అక్కడ మెట్లెక్కువ, మీరు ఇబ్బందిపడతారని చెప్పలేదు." ఒక్కో నిర్ణయం వెనకా ప్రేమే ఉంది. అన్నీ కలిపితే ఏమైంది? కొత్త పని నేర్చుకునే అవకాశం పోయింది, పై అధికారుల కంట్లో పడే అవకాశం పోయింది, సరదాగా తిరిగొచ్చాక అందరూ చెప్పుకుని నవ్వే జోకు ఆమెకి అర్థంకాలేదు. రెండేళ్ళ తర్వాత ప్రమోషన్ల టైముకి "ఫీల్డ్ అనుభవం లేదు" అని రాయడం ఒక్కటే మిగులుతుంది.

స్కూల్లో ఆటల పీరియడ్ వస్తే నా పని ఏంటో తెలుసా? బ్యాగులకి కాపలా. గ్రౌండ్ అంచున చెట్టు కింద నలభై బ్యాగుల మధ్య కూర్చునేవాణ్ణి. మా మాస్టారు చాలా మంచాయన, ఎండ తగలకుండా నీడ చూసి మరీ కూర్చోబెట్టేవారు. ఆరేళ్ళపాటు ఆయనకి గానీ నాకు గానీ ఇంకో ఆలోచనే రాలేదు. ఏడో ఏడు కొత్తగా వచ్చిన ఒకాయన విజిల్ నా చేతికిచ్చి అంపైరింగ్ చేయమన్నారు. నాకు రూల్స్ అన్నీ వచ్చు, ఆరేళ్ళు చూస్తూనే ఉన్నానుగా. మొదటిరోజే ఒకణ్ణి అవుటిచ్చి తిట్లు తిన్నాను. ఆ తిట్లు ఇప్పటికీ తియ్యగానే ఉన్నాయి.

జాలికి తిరగేసిన మొహం పొగడ్త. "మీరు చాలా గ్రేట్ అండీ, ఈ పరిస్థితిలో కూడా టైముకి ఆఫీసుకొస్తారు." జీతం తీసుకునేవాళ్ళు టైముకి రావడంలో గ్రేట్ ఏముంది? వీల్‌చెయిర్ వాడిన ఆస్ట్రేలియా కమెడియన్ స్టెల్లా యంగ్ 2014లో చేసిన ఒక ప్రసంగంలో తన చిన్ననాటి సంగతి చెప్పారు. ఆమెకి పదిహేనేళ్ళప్పుడు ఊళ్ళో ఎవరో వచ్చి ఆమె పేరు ఒక అవార్డుకి పంపిస్తామన్నారు. "సంతోషమే, కానీ మా అమ్మాయి అసలేం సాధించిందని?" అన్నట్టు అడిగారట తల్లిదండ్రులు. నిజంగానే ఆమె అప్పటికి బడికి వెళ్ళడం, అమ్మ సెలూన్‌లో చిన్న పని చేయడం, టీవీ చూడడం తప్ప ఏమీ చేయలేదు.

మాటల గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు: వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా, ప్రత్యేక ప్రతిభావంతులు అనాలా? మాలో మాకే ఒక్క అభిప్రాయం లేదు. నా మటుకు నాలో దివ్యమైనదేదీ ఇంతవరకు కనపడలేదు, పేరుపెట్టి పిలిస్తే చాలు. కానీ "వీల్‌చెయిర్‌కే పరిమితమైన" అని రాయకండి. వీల్‌చెయిర్ లేకపోతే నేను మంచానికి పరిమితం. అది ఉండబట్టే ఊళ్ళు తిరుగుతున్నాను. కుంటిసాకు, గుడ్డినమ్మకం, చెవిటివాడి ముందు శంఖం అనే నుడికారాల మీద నేను కత్తిగట్టలేదు, నా నోటా దొర్లుతుంటాయి. కాకపోతే మీటింగ్‌లో ఒకరు "ఇవన్నీ కుంటిసాకులు" అనగానే, గదిలో అందరూ ఒక్కసారి నావైపు చూసి తల తిప్పుకుంటారు చూడండి, ఆ మాటకంటే ఆ చూపే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

మీ హెచ్చార్ వాళ్ళు అవగాహన దినం పెట్టి, ఉద్యోగుల కళ్ళకి గంతలు కట్టి నడిపించాలనుకుంటున్నారని కూడా రాశారు. వద్దు. తనూ చూపులేని మనస్తత్వ పరిశోధకురాలు ఏరియెల్ సిల్వర్‌మన్ తోటివారితో కలిసి దీన్ని పరీక్షించి చూశారు. గంతలు కట్టుకుని నడిచినవాళ్ళు, అంధులు ఉద్యోగం చేయగలరనీ సొంతంగా బతకగలరనీ నమ్మడం పెరగలేదు, తగ్గింది. ఎందుకో ఆలోచిస్తే తెలుస్తుంది. పది నిమిషాలు గంతలు కట్టుకున్నవాళ్ళకి తెలిసేది చూపు పోయిన మొదటి పది నిమిషాల భయమే. ఇరవై ఏళ్ళుగా తెల్లకర్రతో తిరిగేవాళ్ళ నేర్పు తెలియదు. కుర్చీలో కూర్చోబెట్టి తోయించే ఆటలూ అంతే. దిగిపోతూ "అమ్మో, వీళ్ళెలా బతుకుతారో" అనుకుంటారు. మనుషుల మధ్య గోడలు ఎప్పుడు కరుగుతాయన్నదాని మీద మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు: సమాన హోదాలో, ఒకే లక్ష్యం కోసం, కలిసి పనిచేయాలి, పైవాళ్ళ మద్దతు ఉండాలి. అవగాహన దినం డబ్బులతో ఆమెకి ఒక ప్రాజెక్టు అప్పగించి, నలుగుర్ని ఆమెకి జతచేసుంటే ఆ నాలుగూ కుదిరేవి.

నాకు చాలా ఇష్టమైన ఒక దీవి కథ ఉంది. అమెరికా తూర్పు తీరంలో మార్తాస్ విన్‌యార్డ్ అనే దీవి. అక్కడ కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా చెవుడు వస్తుండేది. 19వ శతాబ్దంలో దేశం మొత్తమ్మీద ఐదువేల పైచిలుకు మందిలో ఒకరు బధిరులైతే, ఆ దీవిలోని చిల్‌మార్క్ ఊళ్ళో 25 మందిలో ఒకరు. మరి ఆ ఊరు ఏం చేసింది? ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. అందరూ సైగల భాష నేర్చుకున్నారు, అంతే. వినపడేవాళ్ళు కూడా. పడవల మీద దూరం నుంచి ఒకరికొకరు సైగలతో మాట్లాడుకునేవాళ్ళు, చర్చిలో ప్రసంగం సాగుతుంటే చేతులతో గుసగుసలాడుకునేవాళ్ళు. తర్వాతి కాలంలో నోరా గ్రోస్ అనే పరిశోధకురాలు అక్కడి ముసలివాళ్ళని కదిలిస్తే, ఫలానా ఆయన బధిరుడా కాదా అన్నది చాలామందికి ఠక్కున గుర్తురాలేదట. మంచి జాలరి, మంచి రైతు, అవి గుర్తున్నాయి. వాళ్ళు వికలాంగులేం కాదు, వాళ్ళకి చెవుడు, అంతే అని ఒక పెద్దావిడ గట్టిగా చెప్పారు.

అదే శతాబ్దంలో దీనికి సరిగ్గా ఎదురు సంగతి. 1880లో మిలాన్‌లో బధిరుల చదువు గురించి పెద్ద అంతర్జాతీయ సభ జరిగింది. బడుల్లో సైగల భాష కాదు, నోటితో మాట్లాడించడమే పద్ధతి కావాలని తీర్మానించారు. ఓటేసిన 164 మందిలో బధిరుడు ఒక్కరే. ఆ తీర్మానం పుణ్యమా అని తరాల తరబడి పిల్లలు చేతులు కదిపితే దెబ్బలు తిన్నారు, బధిరులైన టీచర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ సభల పరంపరే 2010లో వాంకూవర్‌లో దానికి విచారం ప్రకటించింది. నూటముప్పై ఏళ్ళు పట్టింది. మిలాన్‌లో కూర్చున్నవాళ్ళు దుర్మార్గులేం కాదు, చాలామంది పంతుళ్ళు, పాదరీలు. పిల్లల మేలు కోరే చేశారు. ఇంతకీ మీ ర్యాంపు ఎక్కడ కట్టాలో ఆమెని అడిగారా?

మీ ప్రశ్నలో ఇంకో వాక్యం నన్ను ఆపింది: "ఇంత చేసినా గుర్తింపు లేదు." కృతజ్ఞత లెక్కలోకి వస్తే ఈ వ్యవహారం తేలదు. ర్యాంపు ఆమెకి ఇచ్చిన బహుమతి కాదు. మిగతా 59 మందికి మీరు మెట్లు కట్టించారు, కుర్చీలు కొన్నారు, లైట్లు పెట్టించారు. వాటికి ఎవరైనా థాంక్స్ చెప్పారా? 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో ఈ సంగతి సూటిగా ఉంది. అలవికాని భారం కానంతవరకు, ఒక మనిషికి అవసరమైన సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షే.

ఈ హక్కులు ఎవరో తలుచుకుని ఇచ్చినవీ కావు. అమెరికాలో 1973 నాటి చట్టంలో వివక్ష కూడదన్న ఒక్క వాక్యం చేరింది. దాన్ని అమలుచేసే నియమాలు నాలుగేళ్ళు సంతకానికి నోచుకోలేదు. 1977 ఏప్రిల్ 5న శాన్‌ఫ్రాన్సిస్కోలో వికలాంగులు నూటయాభై మంది దాకా ఒక ప్రభుత్వ భవనంలోకి వెళ్ళి బైఠాయించారు. లోపలి ఫోన్లు కట్ చేస్తే, బధిరులు కిటికీల దగ్గర నిలబడి సైగల భాషలో బయటివాళ్ళకి కబుర్లు పంపారు. మందుల్లేవు, పడకల్లేవు, అయినా కదల్లేదు. ఏప్రిల్ 28న సంతకం పడింది. దానికి ముందునడిచిన జూడీ హ్యూమన్‌కి అంతకుముందు 1970లో న్యూయార్క్‌లో టీచర్ లైసెన్సు నిరాకరించారు. కారణం: మంటలు లేస్తే ఈమె పిల్లల్ని ఎలా బయటికి తీసుకెళ్తుంది? ఆమె కోర్టుకెళ్ళాక వాళ్ళు దిగొచ్చి లైసెన్సు ఇచ్చారు, ఆమె ఆ నగర బడుల్లో వీల్‌చెయిర్ వాడే మొదటి టీచరయ్యారు.

మంటల మాట వచ్చింది కాబట్టి: మీ ఆఫీసులో అగ్నిప్రమాదం జరిగితే ఆమె ఎటునుంచి బయటపడాలో కాగితం మీద ఉందా? వెనక గేటుకి తాళం ఉంటే ఆమెకి దారే లేదు. నేను చూసిన చాలా ఆఫీసుల్లో ఫైర్ డ్రిల్ రోజున వీల్‌చెయిర్ వాడేవాళ్ళని "మీరు కూర్చోండి, ఇది డ్రిల్లే కదా" అంటారు. అంటే ఆ అభ్యాసం ఎవరికైతే అన్నిటికంటే ఎక్కువ అవసరమో వాళ్ళని వదిలేసి మిగతావాళ్ళు ఎండలో నిలబడి ఫోటోలు తీసుకుంటారు.

మీరు ఊహించని సంగతి ఇంకొకటి. మీ అరవై మందిలో వైకల్యం ఉన్నది ఆమె ఒక్కరికే అనుకుంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం గణనీయమైన వైకల్యంతో బతుకుతున్నవాళ్ళు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. అందులో పెద్దవయసు వాళ్ళు ఎక్కువ, అదంతా మీ ఆఫీసుకి లెక్కగట్టలేం. అయినా ఒక చెవి సరిగా వినపడని మనిషి, మూర్ఛకి మందులు వాడే మనిషి, రంగులు తేడా తెలియని మనిషి, డిప్రెషన్‌తో పొద్దున్నే లేవలేని మనిషి మీ మధ్య ఉండే ఉంటారు. చెప్పరు. ఎందుకు చెప్పాలి? ఈ ఎనిమిది నెలలూ ఆమెకి ఏం జరిగిందో వాళ్ళు పక్కనుంచి చూస్తూనే ఉన్నారు. చెబితే తమకీ "మీకెందుకు శ్రమ" మొదలవుతుందని వాళ్ళకి అర్థమైంది.

ఇక చేయాల్సింది. ఆమె నోటీసు పీరియడ్ ఇంకా మూడు వారాలుందని రాశారు. ఉండిపొమ్మని బతిమాలకండి, అదీ ఆమె మీద ఇంకో బరువే. ఒక గంట కూర్చుని, ఆమెకి ఇష్టమైతేనే, ఒక మామూలు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలా గడుస్తుందో చెప్పమనండి. మధ్యలో "అయ్యో, మాకు చెప్పుంటే..." అనకండి. చెప్పాల్సి రావడమే ఆమె సమస్య. వినేటప్పుడు కాగితం మీద ఒకటే రాసుకోండి: ఎక్కడెక్కడ ఆమె ఇంకొకర్ని అడగాల్సి వచ్చిందో. ఆ పట్టికే మీ పనుల జాబితా. అందులో సగం వారంలో తీరేవే: తాళం తీసేయడం, టాయిలెట్‌లోంచి చీపుళ్ళు తీసేసి ఇంకెప్పుడూ పెట్టకుండా ఒకరికి బాధ్యత అప్పగించడం, మీటింగులన్నీ కింద గదికి మార్చడం, ఫైళ్ళు కింది అరల్లోకి తేవడం. తలుపు బరువు తగ్గించడానికి పైనున్న క్లోజర్ (తలుపుని దానంతటదే మూసేది) స్క్రూ కాస్త తిప్పితే చాలు, చాలాసార్లు. ముందువైపు ర్యాంపు అంచనా వేయించండి. దానికి కొన్ని నెలలు పట్టొచ్చు, కానీ తేదీ చెప్పండి.

ఇకమీదట ఎవరు చేరినా, వైకల్యం కనిపించినా కనిపించకపోయినా, మొదటిరోజే అందరికీ ఒకే ప్రశ్న వేయండి: "మీ పని హాయిగా సాగడానికి ఇక్కడ ఏం ఉండాలి?" ఒకరు పెద్ద స్క్రీన్ అంటారు, ఒకరు కిటికీ పక్కన సీటంటారు, ఒకరు గురువారం ఫిజియోథెరపీకి వెళ్ళాలంటారు. అందరినీ అడిగితే ఎవరూ ప్రత్యేకంగా చేయి చాపినట్టుండదు. ఏర్పాట్ల ఖర్చు ఆ విభాగం బడ్జెట్‌లోంచి కాకుండా ఆఫీసు మొత్తం ఖాతాలోంచి పెట్టండి, లేకపోతే వికలాంగులు వస్తే మనకి ఖర్చని విభాగాధిపతులే వెనకాడతారు.

ఆమె చెప్పిందంతా విన్నాక, ఆ సలహాకి డబ్బులివ్వండి. నేను తీసుకుంటాను, ఆమె ఎందుకు ఊరికే చెప్పాలి? ఈ చర్చ జరిగాక ఆమె మనసు మార్చుకోవచ్చు, మార్చుకోకపోవచ్చు. నేను మార్చుకోలేదు. నేను వెళ్ళిపోయిన రెండేళ్ళకి ఆ ఆఫీసువాళ్ళే పిలిచి గుమ్మాలు కొలవమన్నారు. వెనక గేటుకి అప్పటికీ తాళం ఉంది. వాచ్‌మన్ మారాడు, కొత్తాయన దగ్గర తాళంచెవి లేదు, అరగంట బయటే ఉన్నాను. మీ గేటు తాళంచెవి ఎవరి దగ్గరుందో రేపు పొద్దున ఆమె వచ్చేలోపు కనుక్కోండి.